బ్రేకు తాగే పెట్రోలు

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ గచ్చిబౌలి నుంచి కూకట్‌పల్లి దాకా కారు నడిపాక, దిగి ముందు చక్రం పక్కన చెయ్యి పెట్టి చూడండి. రిమ్ముకి తగలనివ్వకండి, కాలుతుంది. జానెడు దూరం నుంచే సెగ తెలుస్తుంది. అది ఇంజిన్ వేడి కాదు, బ్రేకు డిస్కులది. ఆ సెగంతా పొద్దున బంకులో డబ్బు పెట్టి కొన్న పెట్రోలే. దాన్ని కాల్చి కారుకి వేగం ఇచ్చాం, తర్వాతి సిగ్నల్ దగ్గర ఆ వేగాన్ని డిస్కుల మీద రుద్ది గాల్లో కలిపేశాం.

సిటీలో మైలేజీ రావట్లేదంటే మనవాళ్ల అనుమానం ముందు బంకు మీదికి పోతుంది, తర్వాత మెకానిక్ మీదికి, ఆ తర్వాత కంపెనీ చెప్పిన అంకె మీదికి. పక్క సీట్లో పెద్దవాళ్లుంటే "యాక్సిలరేటర్ అంత గట్టిగా తొక్కకురా" అంటారు. బ్రేకు ఊసు ఎవరూ ఎత్తరు. బ్రేకు మీద కాలు తియ్యనివాణ్ని జాగ్రత్తపరుడని మెచ్చుకుంటారు కూడా. పెట్రోలు లెక్కల్లో మాత్రం అసలు ముద్దాయి ఆ బ్రేకే.

లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. సిటీ ట్రాఫిక్‌లో అందులో ఐదింట నాలుగు వంతుల వరకూ చక్రాల దాకా రానే రాదు, రేడియేటర్ నుంచీ సైలెన్సర్ నుంచీ వేడిగా వెళ్లిపోతుంది. ఎందుకు పోతుందో కాసేపాగి చూద్దాం. చక్రాలకి చేరిన ఆ కాస్తనీ ముగ్గురు పంచుకుంటారు: టైర్లు, గాలి, బ్రేకులు.

మనుషులతో కలిపి 1,100 కిలోలు తూగే చిన్న కారుని తీసుకుందాం. అంకెలు కారుని బట్టి, రోడ్డుని బట్టి అటూ ఇటూ అవుతాయి గానీ నిష్పత్తులు పెద్దగా మారవు. చదునైన రోడ్డు మీద కిలోమీటరు దొర్లడానికి టైర్లు తినేది 100 కిలోజౌళ్ల పైచిలుకు. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అదే కిలోమీటరులో గాలిని తోసుకుపోవడానికి పట్టేది 50 కిలోజౌళ్లు. ఇక బ్రేకు వాటా. 50 వేగంలో ఉన్న ఈ కారులో నిలవ ఉన్న గతిశక్తి 106 కిలోజౌళ్లు. సిగ్నల్ దగ్గర బ్రేకేసి పూర్తిగా ఆపామంటే ఇంచుమించు అంతా డిస్కుల పాలు. అంటే ఒక్కసారి ఆగడమూ, టైర్లు ఒక కిలోమీటరు మొత్తం దొర్లడమూ ఖర్చులో సమానం. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లేలోపు ఎన్నిసార్లు ఆగుతామో తెలిసినవాళ్లకి మిగతా కూడిక నేను చెయ్యక్కర్లేదు.

హైవే సంగతి వేరు. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి, 100 మీద పోయే కారుకి 40లో కన్నా ఆరు రెట్లు అడ్డుపడుతుంది. విజయవాడ హైవే మీద పెట్రోలు ఎక్కువగా తాగేది గాలి, సిటీలో తాగేది బ్రేకు. హైవే కోసం పుట్టిన చిట్కాలని సిటీలో పాటించి ఫలితం లేదని నిట్టూర్చేవాళ్లు ఈ తేడా గమనించరు.

గతిశక్తిది కూడా ఆ వర్గం లెక్కే. 40లో ఉన్న కారుని ఆపితే పోయేది 68 కిలోజౌళ్లు. 60లో ఉన్నదాన్ని ఆపితే 153. వేగం ఒకటిన్నర రెట్లు, నష్టం రెండింతల పైన. ఎదుట 300 మీటర్లలో ఎర్ర దీపం కనిపిస్తున్నా 60కి లాగి, స్టాప్ లైన్ దగ్గర గట్టిగా బ్రేకేసే పద్ధతి మన రోడ్లమీద మామూలే. అక్కడ గెలిచేది ఏమీ లేదు. 40లో వచ్చిన పక్క కారు కూడా అదే లైన్లో, అదే దీపం కింద నిలబడుతుంది. ఒకరు మాత్రం రెండింతలు కాల్చి నిలబడతారు.

దీన్ని పెట్రోలులోకి మారిస్తే సంగతి ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తుంది. ఇంజిన్ బాగా పనిచేసే క్షణాల్లో, అంటే వేగం అందుకునేటప్పుడు, నాలుగో వంతు శక్తిని చక్రాలకి ఇస్తుందనుకుందాం. 106 కిలోజౌళ్లు కావాలంటే సుమారు 13 మిల్లీలీటర్ల పెట్రోలు కాల్చాలి. 1.2 లీటర్ల చిన్న ఇంజిన్ ఏసీ లేకుండా ఐడిల్‌లో నిమిషానికి తాగేది 10 నుంచి 12 మిల్లీలీటర్లు. కాబట్టి 50 నుంచి ఒక్కసారి ఆగి మళ్లీ 50కి రావడానికి అయ్యే ఖర్చు, ఒక నిమిషం పైగా ఇంజిన్ ఊరికే తిప్పిన ఖర్చుకి సమానం. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపమని అందరూ చెబుతారు, మంచిదే. అసలు ఆగే అవసరమే తప్పించుకోమని మాత్రం ఎవరూ చెప్పరు.

తప్పించుకోవడం ఎలా? దూరం చూడటమే. ముందున్న బండి బంపర్ మీద కాకుండా, దాని అద్దాల్లోంచి దాని ముందున్న మూడో బండి బ్రేకు లైట్లమీద చూపు పెట్టాలి. ఎర్ర దీపం కనబడగానే, అది ఎంత దూరంలో ఉన్నా సరే, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్యాలి. ఇక్కడే ఇవాళ్టి కార్లు చేసే ఒక పని చాలామందికి తెలియదు. కారు గేర్లో ఉండి, యాక్సిలరేటర్ వదిలేసి ఉండి, ఇంజిన్ ఐడిల్ కన్నా కాస్త వేగంగా తిరుగుతుంటే, కంప్యూటర్ ఇంజెక్టర్లని పూర్తిగా మూసేస్తుంది. పెట్రోలు చుక్క కూడా పడదు. ఇంజిన్‌ని తిప్పుతున్నది పెట్రోలు కాదు, చక్రాలే. తిరిగే వేగం ఐడిల్ దగ్గరికి పడిపోతున్నప్పుడు, ఇంజిన్ ఆగిపోకుండా, ఇంజెక్టర్లు మళ్లీ తెరుచుకుంటాయి. డ్యాష్‌బోర్డులో అప్పటికప్పటి మైలేజీ చూపించే కార్లలో ఆ సమయంలో గీత చివరిదాకా వెళ్లి అతుక్కుపోవడం చూసే ఉంటారు. అది మీటరు తప్పు కాదు.

ఈ ఏర్పాటు కార్బురేటర్ కార్లలో ఉండేది కాదు. 1983 చివర్లో మారుతి 800 వచ్చిన దగ్గర్నుంచి దాదాపు ఒకటిన్నర దశాబ్దం మన చిన్న కార్లన్నీ కార్బురేటర్‌వే. గేర్లో వదిలినా న్యూట్రల్లో వదిలినా వాటిలో పెట్రోలు కారుతూనే ఉండేది కనుక, న్యూట్రల్లో వదిలేస్తే కనీసం ఎక్కువ దూరం దొర్లుతుందని అప్పటి డ్రైవర్లు కనిపెట్టారు. ఆ రోజుల్లో అది తెలివే. ఇంజెక్షన్ కార్లు వచ్చి పాతికేళ్లు దాటినా డ్రైవింగ్ నేర్పే గురువుల నోట ఆ సలహా ఇంకా బతికే ఉంది. ఎర్ర దీపం వైపు న్యూట్రల్లో దొర్లుతున్న నేటి కారు ఐడిల్ పెట్రోలు తాగుతూ పోతుంది. మూడో గేర్లో దొర్లేది ఏమీ తాగదు, పైగా ఇంజిన్ నిరోధం వల్ల బ్రేకు ప్యాడ్ల పని కూడా తగ్గుతుంది.

భౌతికశాస్త్రానికి అన్యాయం చెయ్యకూడదు కాబట్టి ఇంకో మాట. ఎదురుగా ఆగాల్సిన పని లేకుండా, సన్నని పల్లంలో వేగం నిలుపుకోవడమే కావాలంటే, న్యూట్రల్లో కారు ఎక్కువ దూరం పోతుందన్నది నిజమే. ఇంజిన్ లాగిపట్టదు కదా. కొన్ని ఖరీదైన ఆటోమేటిక్ కార్లు ఆ పని తమంతట తాము, భద్రంగా చేసుకుంటాయి. మనం చేత్తో చెయ్యడం వేరు. తిరుమల ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేసే మనిషి పక్కన నేను కూర్చోను. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తే కాపాడేది గేరొక్కటే. కారు కదులుతుండగా ఇంజిన్ ఆపెయ్యడం అంతకన్నా మూర్ఖత్వం: పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుకి వాక్యూమ్ సాయం రెండు మూడు తొక్కులతో అయిపోతుంది.

నెమ్మదిగా దొర్లుతూ వెళ్లేసరికి దీపం పచ్చగా మారితే ఎంత మిగులుతుంది? ఇక్కడ అత్యాశ పనికిరాదు. 20 వేగం మిగుల్చుకుంటే, మళ్లీ 50కి రావడానికి కావాల్సిన శక్తిలో ఆరో వంతే మిగిలినట్టు. 30 మిగుల్చుకుంటే మూడో వంతు దాటి మిగులుతుంది. వర్గం లెక్క ఈసారి మనకి అనుకూలంగా పనిచేస్తోందన్నమాట. మొదటి గేరు, క్లచ్ అరుగుదల తప్పడం దాని మీద కొసరు.

"ముందు ఖాళీ వదిలితే ఆటో దూరుతుంది" అంటారు. దూరుతుంది. వెనకవాడు హారన్ కూడా కొడతాడు. హైదరాబాద్‌లో ఇది నిజమైన అభ్యంతరమే. బైకులు ముసురుకున్న పీక్ టైములో ఈ పద్ధతి సగమే సాగుతుంది. కానీ దూరిన ఆటో కూడా అదే ఎర్ర దీపం దగ్గర ఆగుతుంది, మీరు ఒక బండి వెనక్కి జరిగారంతే.

ఇప్పుడు వాయిదా వేసిన ప్రశ్న. ఇంజిన్‌లో అంత శక్తి ఎందుకు వృథా అవుతుంది? వేడితో నడిచే యంత్రం ఏదైనా కొంత వేడిని వదలక తప్పదు, అది ప్రకృతి నియమం. కానీ మంచి పెట్రోలు ఇంజిన్ తనకి అనువైన చోట 35 శాతం దాకా పనిగా మార్చగలదు. సిటీలో అది 20 దాటడం గగనం. ఆ తేడాకి కారణం ఇంజిన్ మరీ పెద్దది కావడం. మన 1,100 కిలోల కారు చదునైన రోడ్డు మీద 40 వేగంతో నిలకడగా పోవడానికి చక్రాల దగ్గర కావాల్సింది 1.75 కిలోవాట్లు. అంటే రెండున్నర హార్స్‌పవర్ కూడా కాదు. బానెట్ కింద ఉన్నది 80 హార్స్‌పవర్ ఇంజిన్. దాని చేత ముప్ఫయ్యో వంతు పని చేయించాలంటే దారి ఒక్కటే, లోపలికి పోయే గాలిని థ్రాటిల్ రేకుతో నొక్కిపట్టడం. పిస్టన్లు ఆ సన్నని సందులోంచి గాలిని లాక్కోవాలి, ముక్కు మూసి పరుగెత్తించినట్టు. ఆ లాగుడికే పెట్రోలు ఖర్చు. దీనికి తోడు లోపలి రాపిడి ఉంది. ఇంజిన్ మూడు హార్స్‌పవర్ ఇచ్చినా ముప్ఫై ఇచ్చినా అదే వేగంతో తిరుగుతుంటే రాపిడి పెద్దగా మారదు. డీజిల్ ఇంజిన్ గాలిని నొక్కిపట్టకుండా డీజిల్‌నే తగ్గించి శక్తిని అదుపు చేస్తుంది. సిటీలో డీజిల్ కార్లకి మైలేజీ అంతగా పడిపోకపోవడానికి ముఖ్య కారణాల్లో అదొకటి.

దీన్నుంచి వచ్చే ఫలితం మన పెద్దల సలహాకి కొంచెం ఎదురు తిరుగుతుంది. యాక్సిలరేటర్‌ని కోడిగుడ్డు మీద కాలు పెట్టినంత మెత్తగా తాకుతూ, రెండో గేర్లోనే ఈడుస్తూ పోవడం పొదుపు కాదు. ఇంజిన్ తక్కువ వేగంతో తిరుగుతూ బరువైన పని చేసినప్పుడే దాని సామర్థ్యం బాగుంటుంది. కాబట్టి కదిలాక పెడల్‌ని ఓ మోస్తరు గట్టిగానే నొక్కి, 2,000 ఆర్‌పీఎం దగ్గర గేరు మార్చేస్తూ, వీలైనంత త్వరగా పై గేరుకి చేరడం మంచిది. గేరు మోయలేక ఇంజిన్ దడదడలాడితే మాత్రం ఒకటి తగ్గించాలి. ఇలా అందుకున్న వేగాన్ని వంద గజాల్లో బ్రేకుకి అప్పజెప్పేటట్టయితే ఈ సూత్రం దండగ. ఎదుట ఖాళీ ఉంటేనే.

ఈ సూత్రాన్ని చివరిదాకా లాగితే ఎక్కడికి పోతుందో చూపించే పోటీ ఒకటుంది. 1939లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, షెల్ కంపెనీ ప్రయోగశాలలో పనిచేసే శాస్త్రవేత్తలు గ్యాలన్‌కి ఎవరు ఎక్కువ దూరం పోతారో చూద్దామని సరదాగా పందెం వేసుకున్నారు. గెలిచిన కారు లీటరుకి 21 కిలోమీటర్ల లెక్కన పోయింది. ఇవాళ మామూలు చిన్న కారు కాగితం మీద అంతకన్నా ఎక్కువే చెబుతుంది. ఆ పందెమే పెరిగి షెల్ ఎకో మారథాన్ అయింది. అందులో విద్యార్థులు కట్టే ఒంటిమనిషి బళ్లు ఇంజిన్‌ని కాసేపు గట్టిగా నడిపి, ఆపేసి, వేగం తగ్గేదాకా దొర్లి, మళ్లీ రాజేస్తాయి. మూసిన ట్రాకు మీద అది శాస్త్రం, మెహిదీపట్నంలో అయితే ఆత్మహత్య.

ఆగక తప్పనప్పుడు ఇంజిన్ సంగతి. మళ్లీ స్టార్ట్ చెయ్యడానికి చాలా పెట్రోలు పడుతుందన్నది కూడా కార్బురేటర్ కాలపు మాటే. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల కొలిచి చెప్పినదాని ప్రకారం, వేడెక్కిన ఇంజిన్‌ని 10 సెకన్లకి మించి ఊరికే తిప్పితే, ఆపి మళ్లీ రాజేసిన దానికన్నా ఎక్కువే కాలుతుంది. స్టార్టర్, బ్యాటరీ అరుగుదల కూడా లెక్కలో వేసుకుంటే, స్టార్ట్ స్టాప్ ఏర్పాటు లేని కారుకి అర నిమిషం హద్దు పెట్టుకోవడం సబబు. మన సిగ్నళ్లకి సెకన్లు లెక్కపెట్టే టైమర్లు ఉండటం ఈ విషయంలో పెద్ద సౌకర్యం. ఢిల్లీ ప్రభుత్వం 2020 అక్టోబర్‌లో ఎర్ర దీపం పడితే బండి ఆపమని ప్రచారం మొదలుపెట్టింది, అయితే అక్కడి చింత మైలేజీ కాదు, పొగ.

ఏసీ గురించి మొహమాటం లేకుండా మాట్లాడాలి. మే నెల ఎండలో కారు ఏసీ 2 కిలోవాట్లు లాగడం వింత కాదు. కారుని 40 వేగంతో నడపడానికి 1.75 కిలోవాట్లు చాలని ఇందాకే చూశాం. అంటే ఆ పూట ఇంజిన్ ఒకేసారి రెండు కార్లు నడుపుతోందనుకోవచ్చు. హైవే మీద గంటకి 90 కిలోమీటర్లకి పంచబడే ఆ ఖర్చు, సిటీలో 15, 20 కిలోమీటర్లకే పడుతుంది. అందుకే వేసవిలో చిన్న దూరాల మీద నాలుగో వంతు మైలేజీ పోయినా ఆశ్చర్యపడక్కర్లేదు. అలాగని 42 డిగ్రీల్లో ఏసీ కట్టేసుకుని ఉడికిపొమ్మని చెప్పే సలహాలని నేను సలహాలుగా లెక్కపెట్టను. చెయ్యగలిగింది లోపల పేరుకున్న వేడిని ముందే వదిలించడం. నీడలో నిలపడం, ఎక్కేముందు తలుపులు తీసి ఉంచడం, మొదటి నిమిషం అద్దాలు దించి నడపడం, తర్వాత మూసేసి బయటి గాలి రాకుండా లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కడం. శీతాకాలం సాయంత్రాలు అద్దాలు దించుకుంటే సిటీ వేగాల్లో గాలి నిరోధం వల్ల నష్టం లెక్కలోకే రాదు. దుమ్ము భరించగలిగితే.

టైర్లలో గాలి నెలకి ఒక పీఎస్‌ఐ దాకా తనంతట తానే తగ్గుతుంది. మూడు నెలలు పట్టించుకోకపోతే మైలేజీలో పోయేది ఒక శాతంలోపే, కానీ గాలి కొట్టించడం ఉచితం, పైగా టైరు అరుగుదలలో మిగిలేది దానికన్నా ఎక్కువ. డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన అంకె చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. బంకుల్లో అమ్మే నైట్రోజన్ గురించి ఆలోచించేముందు మామూలు గాలిలోనే అది 78 శాతం ఉందని గుర్తుంచుకోండి. ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందన్నది మరో పాత మాట. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో పరీక్షిస్తే, ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా పికప్ తగ్గింది గానీ మైలేజీ చెప్పుకోదగ్గంతగా పడలేదు. ఇంజిన్ క్షేమం కోసం మార్చండి, పెట్రోలు కోసం కాదు. ఉన్నట్టుండి మైలేజీ బాగా పడిపోతే మాత్రం ఆక్సిజన్ సెన్సర్ చూపించుకోవాలి, అది చెడితే పెట్రోలు విపరీతంగా పోతుంది.

కంపెనీ అంకె సంగతి కూడా తేల్చేద్దాం. అది అబద్ధం కాదు. ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థలు కారుని రోడ్డు మీద కాకుండా రోలర్ల మీద ఎక్కించి, ఒక నిర్ణీత పట్టిక ప్రకారం వేగం పెంచుతూ తగ్గిస్తూ కొలిచిన అంకె అది. మైలేజీకి ఇన్నాళ్లూ ఆధారంగా ఉన్న ఆ పట్టికలో ఏసీ ఆపి ఉంటుంది, వేగం పెంచడం చాలా తాపీగా ఉంటుంది, మధ్యలో ఆటో దూరదు. రెండు కార్లని పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది, మన రోడ్డు మీద ఎంతొస్తుందో చెప్పడానికి కాదు. దీనిపైన ఇథనాల్ ఒకటి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. 20 శాతం కలిపిన ఇంధనంలో శక్తి స్వచ్ఛమైన పెట్రోలు కన్నా 7 శాతం దాకా తక్కువ. దానికి తగ్గట్టు రూపొందని పాత కార్లలో తగ్గుదల 6, 7 శాతం ఉండొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. మీ కారుకి నిజంగా ఎంతొస్తుందో తెలియాలంటే ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా ట్యాంకు నింపి, మళ్లీ అలాగే నింపేదాకా నడిచిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించాలి, అదీ మూడు నాలుగు ట్యాంకుల సగటు మీద.

బ్రేకు దగ్గర పోయేదాన్ని వెనక్కి పట్టుకునే యంత్రం 1997 డిసెంబర్లో జపాన్‌లో టొయోటా ప్రియస్ రూపంలో జనంలోకి వచ్చింది. ఇంజిన్‌తో పాటు విద్యుత్ మోటారు కూడా ఉండే ఇలాంటి హైబ్రిడ్‌లో బ్రేకు తొక్కితే ముందు ఆ మోటారు జనరేటర్‌గా మారి ఆ గతిశక్తిలో కొంత బ్యాటరీలోకి పంపుతుంది. మళ్లీ కదిలేటప్పుడు అదే వాడుతుంది. ట్రాఫిక్‌లో నత్తనడక నడిచేటప్పుడు, అంటే పెట్రోలు ఇంజిన్ అధమంగా పనిచేసే చోట, ఇంజిన్ అసలు ఆగే ఉంటుంది. 2022లో మన దేశంలోకి వచ్చిన మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి లీటరుకి 27.97 కిలోమీటర్లన్న అంకె వచ్చింది ముఖ్యంగా ఈ రెండింటి వల్ల. ఇలాంటి కార్లు హైవే మీద కన్నా సిటీలో ఎక్కువ మైలేజీ ఇవ్వడం చూసి కొనుక్కున్నవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. హైవే మీద పట్టుకోవడానికి బ్రేకు శక్తి ఉండదు, అంతే. అయినా పట్టుకున్నదంతా తిరిగి రాదు. గట్టిగా బ్రేకేస్తే హైబ్రిడ్‌లో కూడా డిస్కులే కాలుతాయి, దూరం చూసి మెల్లగా తొక్కేవాడికే బ్యాటరీ నిండుతుంది.

డ్రైవరు చేతిలోనూ కారు చేతిలోనూ లేనిది సిగ్నల్. ఒక కూడలిలో పచ్చ పడ్డాక తర్వాతి కూడలిలో ఎన్ని సెకన్లకి పచ్చ పడాలన్నది ఎవరో ఒకరు పెట్టే అంకె. ఆ అంకె సరిగ్గా ఉంటే 40లో వచ్చే వరస అంతా ఆగకుండా దాటిపోతుంది. గూగుల్ తన మ్యాప్స్ సమాచారంతో సిగ్నళ్ల సమయాలు సవరించమని నగరాలకి సూచించే ప్రాజెక్ట్ గ్రీన్ లైట్‌ని 2023లో ప్రకటించినప్పుడు, ఆ నగరాల జాబితాలో బెంగళూరు, కోల్‌కతాతో పాటు హైదరాబాద్ కూడా ఉంది. కూడళ్ల దగ్గర ఆగడాలు 30 శాతం దాకా తగ్గించే వీలుందని ఆ సంస్థ చెబుతోంది. అది కంపెనీ మాటే కనుక కొంత తగ్గించి చదువుకున్నా, కూడిక మాత్రం మనమే వేసుకోవచ్చు: గంటకి వెయ్యి చిన్న కార్లు దాటే కూడలిలో ఒక్కో కారుకి 50 నుంచి ఒక్క ఆగుడు తప్పితే గంటకి 13 లీటర్లు.